ముంగాలి ఎముక

మా తోడికోడలు రిస్తీకి ఎవరి మీదైనా ఈర్ష్య పుట్టిందంటే ఆ రోజు మా ఇంట్లో టీ ఉప్పగా ఉండేది. నోటితో ఏమీ అనేది కాదు. మా దగ్గర టీలో వేసే చిటికెడు ఉప్పు వేశాక చెయ్యి ఆ డబ్బాలోకి రెండోసారి వెళ్ళేది, అంతే. మా అత్తయ్య ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టి, "ఇవాళ ఎవరింట్లో ఏం కొన్నారే?" అని నన్నడిగేది. నేను కొత్త తివాచీ కొనుక్కున్న వారమంతా ఆ టీ నోట పెట్టుకోలేకపోయాం.

నేనేదో పెద్ద బుద్ధిమంతురాలినని చెప్పడం లేదు. మా ఊరు సారిబులాక్‌లో నేనంటే రిస్తీ మొగుడు జుమాష్ తమ్ముడి పెళ్ళాన్ని. నేను అక్క అని పిలిచే ఆమె మాత్రం ఊరికి రిస్తీయే. ఏ ఇంట్లో ఆవు ఈనలేక అరిచినా ఆ ఇంటి మనిషి పరిగెత్తుకొచ్చి పిలిచేది ఆమె పేరే. మా వాకిట్లో నిలబడి "రిస్తీ ఉందా?" అని అడిగితే, లేదని చెప్పడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు. నాకూ కడుపుమంట ఉంది. కాకపోతే నేను దాన్ని నోటితో తీర్చుకుంటాను, టీలో కలపను.

అక్క గొర్రెల కాపరి కూతురు. చదువంటే ప్రాణం. అల్మాటీలో పశువైద్యం చదవడానికి సీటు కూడా వచ్చింది. అదే ఏడు సోవియట్ రాజ్యం కూలింది. వాళ్ళ నాన్నకు జీతానికి బదులు గొర్రెలిచ్చారు. ఆ గొర్రెలకు గోధుమపిండి ఇచ్చేవాళ్ళున్నారు, పంచదార ఇచ్చేవాళ్ళున్నారు, అల్మాటీ బస్సు టిక్కెట్టు ఇచ్చేవాడు మాత్రం దొరకలేదు. దాంతో అక్క దగ్గర్లో ఉన్న చిన్న బడిలో ఫెల్డ్‌షర్ కోర్సు చేసింది. ఫెల్డ్‌షర్ అంటే పశువుల డాక్టరుకు ఒక మెట్టు కింద. సూది వేస్తుంది, పురుడు పోస్తుంది, డాక్టరు మాత్రం కాదు.

కోడలిగా మా ఇంటికొచ్చాక, ప్రభుత్వం అనేది ఎక్కడుందో కూడా తెలియని ఆ రోజుల్లో, అక్క గుర్రమెక్కి మంచులో మందల దగ్గరికి వెళ్ళేది. సూదులు మా టీ కెటిల్లోనే మరగబెట్టేది. అత్తయ్య గొణిగేది, అయినా కెటిల్ ఇచ్చేది. తర్వాత ప్రభుత్వం మళ్ళీ పశువైద్య స్టేషన్లు తెరిచింది. అక్కకు అందులో ఉద్యోగం వచ్చింది, ఆకుపచ్చ వ్యాన్ వచ్చింది, పైన కబ్దేష్ అన్న పెద్దగా వచ్చాడు. అక్క సంతోషంగానే ఉండేది. తనతో పోల్చుకోవడానికి స్టేషన్లో ఇంకెవరూ లేరు మరి.

ఇంకో సంగతి చెప్పాలి. ఊళ్ళో పెళ్ళయినా, చావైనా, మాంసం పళ్ళేలు సర్దేది అక్కే. మా దగ్గర మాంసాన్ని గరిటెతో తోడి వడ్డించరు. ఏ ఎముక ఎవరి ముందుకు వెళ్ళాలో దానికో లెక్క ఉంది. తల పెద్ద అతిథికి, తుంటి ఎముక వయసైన వాళ్ళకు, రొమ్ము ముక్క అల్లుడికి. ఒక్క ముక్క తప్పు పళ్ళెంలో పడిందని టీ కూడా తాగకుండా లేచిపోయిన వియ్యాలవారిని నేను చూశాను. అక్క చేతిలో ఎప్పుడూ తప్పు పడలేదు. ఉడికిన మాంసం పొగలో ఆమె చేతులు కదులుతుంటే వంటింట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. సర్దడం అయిపోయాక ఇంటావిడే వచ్చి అక్కను పైచోటుకు, గుమ్మానికి దూరంగా పెద్దవాళ్ళు కూర్చునే చోటికి, తీసుకెళ్ళేది. అక్కడ చోటు ఖాళీగా ఉంచేవారు.

తొగ్జాన్ ఆకురాలే కాలంలో మా స్టేషన్‌కు వచ్చింది. యూనివర్సిటీలో మొదటి వరసలో పాసైనవాళ్ళకిచ్చే ఎర్ర డిప్లొమా పట్టుకుని, డాక్టరు హోదాలో దిగింది. ఊరు తుర్గాయ్ వైపు. ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు. ఈ ఆఖరి ముక్కను మా ఊరు మొదటి రోజే ఆరా తీసింది. పోస్టాఫీసు వీధిలో ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది.

పని రాని పిల్ల అయ్యుంటే అక్క ఎంత సంతోషించేదో. రాకపోయుంటే చేతిలో చెయ్యేసి నేర్పేది, ఊరంతా తిరిగి చెప్పుకునేది. కానీ తొగ్జాన్‌కు పని వచ్చు. గొర్రెల దొడ్డిలోకి ఇద్దరూ కలిసే దిగేవారు. ఒకరు చెవి పట్టుకుని మెడ వంచితే ఇంకొకరు జబ్బుల పరీక్షకు రక్తం తీసేవారు. అలిసిపోతే చేతులు మార్చుకునేవారు. పశువులను అమ్ముకునేవాళ్ళకు ఆరోగ్య పత్రం కావాలి. దాని మీద డాక్టరు సంతకం ఉండాలి. ఆ సంతకం ఇదివరకు జిల్లాకు వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం, ఇప్పుడు తొగ్జాన్ పెట్టేది. పనిలో తేడా అంటే అదొక్కటే.

జీతం సంగతి వ్యాన్‌లో బయటపడింది. మందకు సాయం పట్టడానికి నేనూ వెళ్ళాను ఆ రోజు. తొగ్జాన్ ఫోన్ మోగింది.

"జీతం పడిందక్కా. మీకూ పడే ఉంటుంది చూడండి," అంది.

"పడుతుందిలే. నీకెంత పడింది?"

పిల్ల దాపరికం లేకుండా చెప్పేసింది. ఇద్దరికీ ఒకటే అనుకుంది పాపం. అక్క ఫోన్ తీసి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. తొగ్జాన్‌ది అక్క జీతానికి ఒకటిన్నర రెట్లు. ఇంటికి చేరేదాకా అక్క కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉంది, బయట మంచు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం టీ ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. అత్తయ్య కూడా ఏమీ అడగలేదు.

ఆ రోజు నుంచి మా వంటింట్లో వేరే మాట లేదు. అక్క పిండి పిసుకుతూ పిండిని తిట్టేది.

"నాకు వయసొచ్చేనాటికి అది ఉయ్యాల్లో ఉంది. ఒకే గొర్రె, ఒకే సూది. పొద్దున నేను చెవి పట్టుకుంటే అది రక్తం తీస్తుంది. మధ్యాహ్నం అది పట్టుకుంటే నేను తీస్తాను. గొర్రెకైనా తెలుస్తుందా మాలో డాక్టరెవరో?"

"అయితే నీది పెంచమని అడగొచ్చుగా."

"అడుగుతాను. పెంచకపోతే దానిది తగ్గించమంటాను. నాకు రెండూ ఒకటే. నా కడుపు చల్లబడాలి."

"ఛీ, అదేం మాటక్కా."

"నీకేం తెలుసే. పింఛను కూడా ఈ జీతాన్ని బట్టే కడతారు. ఈ భుజంతో ఇంకెన్నాళ్ళు చేస్తాను? ముసలితనంలో కూడా దానికంటే తక్కువ తినాలా నేను?"

భుజం సంగతి నిజం. ఓ ఎద్దు కొమ్ముతో కుమ్మిన చోట చలికాలంలో చెయ్యి పైకి లేచేది కాదు. పింఛను సంగతీ నిజమే. జుమాష్ బావకు గుండె జబ్బు, ఆయన సంపాదన ఆగిపోయింది. ఆ ఇల్లు నిలబడేది అక్క జీతం మీదే. ఈర్ష్య పడిందని నవ్వుతాను గానీ, అన్యాయం కాదని నేనెప్పుడూ అనలేదు.

జీతాల తగువులు తీర్చడానికి జిల్లాలో ఒక కమిషన్ ఉంది. అక్క ఫిర్యాదు పెట్టింది. ఒకే పనికి ఒకే జీతం కావాలని. కబ్దేష్ అన్న నెత్తి పట్టుకున్నాడు.

"రిస్తీ, ఎందుకమ్మా పుట్టలో చెయ్యి పెడతావు? పై ఆఫీసు వాళ్ళు మనల్ని మరిచిపోయి ఉన్నారు. మరిచిపోనీ," అన్నాడు.

అక్క వినలేదు. చిత్రమేమిటంటే అక్కకు సాయం వచ్చింది తొగ్జానే. ఒక సాయంత్రం మా వంటింటికి వచ్చి, చేతి తొడుగులు తీసి పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటూ, "కమిషన్ నన్నే సాక్షిగా పిలిచింది అక్కా. మనం ముందే మాట్లాడుకుంటే మంచిది," అంది.

"మాట్లాడుకోడానికేముంది? ఉన్న నిజం చెప్పు."

"నిజాన్ని ఏ వైపు నుంచి చెప్పాలన్నదే చూసుకోవాలి. మా ఊరి ఆసుపత్రిలో నర్సులకు ఇదే తగువు వచ్చింది. పని ఒకటేనని అందరూ చెప్పారు. అయితే పెద్ద నర్సు దేనికని ఆ పోస్టే ఎత్తేశారు. పెంచడానికి వాళ్ళ దగ్గర డబ్బుండదు, తగ్గించడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధమే. అందుకని నేను ఇలా చెప్తాను. రిస్తీ అక్క డాక్టరు పని చేస్తోంది, డాక్టరు జీతం ఇవ్వాలి అని. అంతేగానీ, నేను ఫెల్డ్‌షర్ పని చేస్తున్నానని మాత్రం అనకూడదు. అలా అంటే మీకు పెరగదు, నాకు పోతుంది."

"నీకెందుకమ్మా ఇంత శ్రమ?" అంది అక్క. అమ్మా అన్న మాటలో తీపి లేదు.

"నాకు ఇక్కడ బాగుందక్కా. ఇక్కడే ఉండిపోవాలని ఉంది. మీరు రోజూ నాతో మాట్లాడకుండా వ్యాన్‌లో కూర్చుంటే నాకు బాగోదు."

టీ తాగి వెళ్ళిపోయింది. అక్క గిన్నె బోర్లిస్తూ తలుపు వైపు చూసింది.

"చూశావా. నా జీతం కూడా దాని నోట్లోనే ఉంది. అది ఇస్తే నేను తీసుకోవాలి."

"ఇస్తానంటోందిగా, తీసుకో. నోరు మూసుకుని తీసుకో," అన్నాను. పెద్దదని చూడకుండా అన్నాను. అక్క కూడా సరేనన్నట్టే తల ఊపింది.

కమిషన్‌కు వారం ముందు కబ్దేష్ అన్న అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. ఇల్లు కిక్కిరిసింది. జిల్లా నుంచి కూడా పెద్దవాళ్ళు వచ్చారు. వంటింట్లో అక్క చేతులు పైకి మడిచి పళ్ళేల ముందు నిలబడింది. నేను పలుచగా వత్తిన పిండి ముక్కలను మరిగే పులుసులో వేస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపలి గదిలో కబ్దేష్ అన్న భార్య గొంతు వినిపించింది.

"డాక్టరమ్మా, అక్కడెక్కడో కూర్చున్నారేంటి? పైకి రండి. రండి, రండి, మొహమాటపడకండి."

తొగ్జాన్ వద్దంటోంది. "అది రిస్తీ అక్క చోటు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను," అంటోంది. నాకు స్పష్టంగా వినపడింది. అక్కకు కూడా వినపడే ఉంటుంది. కానీ జిల్లా వాళ్ళు కూడా పిలిచేసరికి పిల్ల లేచి పైకి వెళ్ళింది. రిస్తీ కోసం ఉంచే చోటులో కూర్చుంది. ఇంటావిడ ఇటు తిరిగి, "రిస్తీ, నీకు గుమ్మం పక్కన వేశానమ్మా దిండు, లేచి తిరగడానికి వీలుగా ఉంటుంది," అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. ఉన్నది అక్క మనసులోనే.

అక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ చేతులు కదిలాయి. తల పెట్టింది, తుంటి ఎముకలు పెట్టింది, పెద్దాడవాళ్ళకు తోక పక్క ముక్కలు పెట్టింది. పైచోటుకు వెళ్ళే పళ్ళెంలో తొగ్జాన్ వైపుకు వచ్చే అంచున ముంగాలి ఎముకను పెట్టింది. గొర్రె ముందు కాలిలో మోకాలి కింది ఎముక.

పెళ్ళికాని పిల్ల ముందు ముంగాలి ఎముక పెట్టరు. పెడితే ఆ పిల్ల పుట్టింట్లోనే ముసలిదైపోతుందని మా దగ్గర నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు.

"అక్కా, అది అక్కడ కాదు," అన్నాను.

"నాకు తెలియదా?"

"తీసెయ్యి అక్కా. వచ్చే వారం నీకోసం మాట్లాడాల్సిన మనిషి."

"డాక్టరుగా. పైచోటులో కూర్చుందిగా. చదువుకున్నవాళ్ళకు ఇవన్నీ పట్టవులే." పళ్ళెం ఎత్తి మోసేవాడి చేతికి ఇచ్చేసింది. నా చేతులు పిండి ముక్కలతో నిండి ఉన్నాయి. చెయ్యి కడిగి వెళ్ళేసరికి పళ్ళెం గదిలోకి వెళ్ళిపోయింది.

పైచోటు దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మొదట ముసలివాళ్ళు చూశారు. తర్వాత వాళ్ళు ఎటు చూస్తున్నారో చూసి మిగతావాళ్ళు చూశారు. జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ పళ్ళేన్ని కొంచెం తిప్పబోయింది. తిప్పితే ఆ ఎముక ఒక ముసలాయన ముందుకు వస్తుంది, అది ఇంకా తప్పు. వదిలేసింది. కబ్దేష్ అన్న మొహం కందిపోయింది.

తొగ్జాన్ ఎముకను చూసింది. కత్తి తీసుకుని దాని మీద మాంసాన్ని నిదానంగా కోసి చుట్టూ ఉన్నవాళ్ళకు పంచింది. ఒక ముక్క తను తిన్నది. తిన్నాక దువా ప్రార్థన చేసేటప్పుడు అందరితోపాటు అరచేతులతో మొహం తుడుచుకుంది. బయటికి వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది.

"వడ్డన బాగుందక్కా," అంది. అక్క గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు.

మర్నాడు ఈ సంగతి అత్తయ్య చెవిన పడింది. అత్తయ్య ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"గొర్రెను కొయ్యండి. ఆ పిల్లను ఇంటికి పిలవండి. నా పక్కన కూర్చోబెట్టి దాని భాగం దానికి సరిగ్గా పెట్టండి. పెట్టేది నువ్వే, రిస్తీ. పిలిచేది కూడా నువ్వే."

ఇది మా దగ్గర తప్పు దిద్దుకునే పద్ధతి. క్షమించమని నోటితో అడగక్కర్లేదు. సరైన ఎముక సరైన మనిషి ముందు పెడితే చాలు, తిన్నవాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తరు. అక్క రెండు రోజులు మొరాయించింది. మూడో రోజు శాలువా కప్పుకుని, "పద," అంది. కమిషన్ దగ్గర పడుతోంది, ఆమెకూ భయం పట్టుకుంది. నేను లోలోపల అమ్మయ్య అనుకున్నాను.

పోస్టాఫీసు వీధి మలుపు తిరిగాం. తొగ్జాన్ ఉండే ఇంటి ముందు ఒక వ్యాన్ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టెను లోపలికి మోస్తున్నారు. తొగ్జాన్ తలుపు పట్టుకుని, గుమ్మానికి తగలకుండా చూడమని వాళ్ళకు చెబుతోంది. పెట్టె మీద బట్టలుతికే మెషీన్ బొమ్మ ఉంది.

అక్క అడుగు ఆగిపోయింది.

"ఆటోమేటిక్," అంది మెల్లగా.

"అయితే ఏం? పద, పిలిచేసి వచ్చేద్దాం."

"ఒంటరి మనిషికి అంత మెషీనా? నేను ఇప్పటికీ వాగు నీళ్ళలో జాడిస్తున్నానే. ఈ చేతులు చూడు. నా డబ్బు అది. నాకు రావలసిన డబ్బుతోనే కొనుక్కుంది."

"అక్కా, నీ డబ్బు నీకు రావాలనే గదా ఇప్పుడు పిలవడానికి వచ్చాం."

"గొర్రెను కూడా కోసి పెట్టాలా దానికి?" అని తిరిగి నడిచింది. నేను వీధి మధ్యలో నిలబడి ఆమె వీపును చూస్తూ తిట్టుకున్నాను. నేనొక్కదాన్నీ వెళ్ళి పిలిచినా ప్రయోజనం లేదు, పిలుపు పళ్ళెం సర్దిన మనిషి నోటి నుంచే రావాలి. తొగ్జాన్ మమ్మల్ని చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుంది, ఆ వీధి అంత పొడుగేం కాదు.

కమిషన్ రోజు అందరం ఆకుపచ్చ వ్యాన్‌లోనే జిల్లాకు వెళ్ళాం. దిగాక అక్క నా చెయ్యి పట్టుకుని, "మాట ఇచ్చింది గదా, తప్పదులే. చదువుకున్న పిల్ల," అంది. అంతకు ముందు వారం చదువుకున్నవాళ్ళకు ఏవీ పట్టవన్న నోరే అది.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, ముందు టీ ఫ్లాస్కు. మనిషి చెడ్డది కాదు, అలిసిపోయి ఉంది. అక్క చెప్పింది విన్నది. కబ్దేష్ అన్న చెప్పింది విన్నది. తర్వాత తొగ్జాన్‌ను నిలబెట్టి అడిగింది.

"మీ ఇద్దరి పనిలో తేడా ఉందా?"

"లేదండీ," అంది తొగ్జాన్. "ఇద్దరిదీ ఒకటే పని."

అక్క ఊపిరి వదిలింది. నేను మాత్రం మిగతా మాట కోసం చూశాను, ఆ పిల్ల అంతటితో ఆగిపోయింది. పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"అంటే రిస్తీగారు డాక్టరు పని చేస్తున్నారనా?"

అవునంటే చాలు. ఒక్క మాట. తొగ్జాన్ అక్క వైపు చూసింది. అక్క కూడా ఆమె వైపు చూసింది గానీ, పైనుంచి కిందికి, ఆమె కొత్త బూట్ల వైపు చూసింది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను.

"కాదండీ. నేను ఫెల్డ్‌షర్ పని చేస్తున్నాను," అంది తొగ్జాన్.

కబ్దేష్ అన్న తల దించుకున్నాడు. అక్క మొహం ఎలా మారిందో చెబితే మీరు నమ్మరు. వెలిగిపోయింది. నా డొక్కలో పొడిచి, "తగ్గిస్తారు చూడు, తగ్గిస్తారు," అని గుసగుసలాడింది.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. పెద్దావిడ చదివింది. సారిబులాక్‌లో డాక్టరు చేయవలసిన పని లేదని సాక్షే చెప్పారు. కాబట్టి అక్కడి డాక్టరు పోస్టు ఎత్తేస్తున్నాం. స్టేషన్‌కు ఒక ఫెల్డ్‌షర్ చాలు. ఒక్కరే ఉంటారు గనుక జీతంలో తేడా అన్న ప్రశ్నే ఇక రాదు.

"మీ ఫిర్యాదు తీరినట్టేనా, రిస్తీగారూ? ఏమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడే చెప్పాలి."

నేను అక్క తొడ మీద గిల్లాను. "నేనడిగింది ఇది కాదు, ఆ పిల్లను ఉంచండి, నాకూ ఇవ్వండి అని చెప్పు." ఆ మాటలే ఆమె చెవిలో అన్నాను. అక్క నా చెయ్యి విదిలించుకుంది.

"ఆమె జీతం పోయినట్టేనా?" అని అడిగింది.

"అక్కడ ఆ పోస్టే ఉండదమ్మా."

"అయితే తీరింది," అని సంతకం పెట్టేసింది.

మెట్లు దిగాక కబ్దేష్ అన్న టోపీ సరిచేసుకుంటూ చెప్పాడు. కోపంగా కూడా కాదు, నీరసంగా చెప్పాడు.

"జిల్లా పశువుల ఆసుపత్రిలో డాక్టరు చోటు ఎప్పటి నుంచో ఖాళీగా ఉంది. ఈ పిల్లను పంపమని నన్ను అడుగుతూనే ఉన్నారు, తనే రానంది. ఇక వెళ్తుంది. అక్కడ జీతం ఇంకా ఎక్కువ. మన ఊరి మందలన్నీ ఇప్పుడు నీ ఒక్కదానివే రిస్తీ, జీతం ఎంతున్నదో అంతే. ఆరోగ్య పత్రం కావాలన్నవాడల్లా మళ్ళీ ఇంత దూరం రావాలి. ఎవరి వల్ల అని అడుగుతారు. నేనేం చెప్పను?"

అక్క మొహంలో వెలుగు అప్పుడు పోయింది. మెట్లు దిగుతున్న తొగ్జాన్‌కు అడ్డం వెళ్ళింది.

"మాట ఇచ్చావు కదే."

"ఇచ్చానక్కా. ఈ ఊళ్ళోనే ఉండిపోవాలనుకుని ఇచ్చాను."

"ఒక ఎముక ముక్కకు ఇంత చేస్తావా?"

"ఎముక్కి కాదు. ఏడు రోజులు చూశాను, మీరు పిలుస్తారని. వీధి మలుపు దాకా వచ్చారు కూడా. మెషీన్‌ను లోపల పెట్టించి, టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి బయటికొచ్చి చూస్తే మీరు లేరు." చేతి తొడుగులు వేసుకుంది. "నాకూ మీరంటే కుళ్ళు ఉందక్కా. మీకు ఇల్లుంది, అత్తగారుంది, పొద్దున లేస్తే మీ పేరు పిలిచే ఊరుంది. నాకున్నది ఆ డిప్లొమా ఒక్కటే. దాన్నే పట్టుకు వెళ్తున్నాను."

తిరుగు వ్యాన్‌లో తొగ్జాన్ లేదు, సామాను తర్వాత తెప్పించుకుంటానంది.

ఇది జరిగిన చలికాలం పోయి వసంతం వచ్చింది. మందలను గడ్డి కొండలకు తోలకముందే రక్తాలు తియ్యాలి, టీకాలు వెయ్యాలి. రెండో మనిషి లేదు కనుక, చెవి పట్టుకోడానికి నేను వెళ్తున్నాను, జీతం బత్తెం లేకుండా. అక్క భుజం సగానికి మించి లేవడం లేదు. ఎడం చేత్తో సూది వెయ్యడం నేర్చుకుంది. దొడ్డి బయట నిలబడ్డ ఆడవాళ్ళు, పత్రం కోసం మొగుళ్ళు జిల్లాకు పోయి రెండు రోజులైందని, ఆమెకు వినపడేలాగే చెప్పుకుంటున్నారు. ఆమె వినపడనట్టే పని చేసుకుంటోంది.

మొన్న ఒక పొట్టేలు మెడను నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉన్నాను. అక్క సూది గుచ్చబోయి ఆగింది.

"జిల్లాలో దానికి ఎంతిస్తున్నారంటావే?"

నాకు తెలుసు. కబ్దేష్ అన్న చెప్పాడు. "నాకేం తెలుసక్కా, నువ్వు సూది వెయ్యి, ఇది తన్నేట్టుంది," అన్నాను.

అక్క సూది వేసింది. పొట్టేలును వదిలాం, అది దులుపుకుని మందలోకి పోయింది. అక్క దొడ్డి కర్రకు ఆనుకుని, చెయ్యి తుడుచుకుంటూ, జిల్లా వైపు పోయే రోడ్డును చూసింది.

"ఇక్కడే ఉండుంటే, కనీసం చూసైనా ఏడ్చేదాన్ని," అంది.